పిల్లలు అడిగిన కథల పుస్తకం ఇవ్వాలా, వద్దా? క్రైస్తవ తల్లిదండ్రులు ఇంట్లోనే తేల్చుకునే పద్ధతి

ఆదివారం ఆరాధన ముగిశాక చెప్పులు వేసుకునే చోట నన్ను ఎవరో ఒకరు ఆపుతారు. "అక్కా, మా వాడు హ్యారీ పాటర్ కావాలంటున్నాడు, ఇవ్వవచ్చా?" ఒక్కో వారం పుస్తకం పేరు మారుతుంది, ప్రశ్న మారదు. బెంగళూరులోని మా తెలుగు సంఘంలో తొమ్మిదేళ్లుగా సండే స్కూలు చెబుతున్నాను, ఇద్దరు పిల్లల తల్లిని. మెట్ల మీద నిలబడి రెండు నిమిషాల్లో నేను చెప్పే "అవును", "కాదు" ఎవరికీ మేలు చేయలేదని ఇన్నేళ్లలో తెలుసుకున్నాను. మీ పిల్లల్ని ఎరిగినవారు మీరే. కాబట్టి మా ఇంట్లో అనుసరించే పద్ధతిని వరుసగా రాస్తున్నాను.

నా దగ్గర నిషిద్ధ పుస్తకాల జాబితా ఏదీ లేదు. పన్నెండేళ్ల అక్కకు సరిపోయిన పుస్తకం తొమ్మిదేళ్ల తమ్ముడికి రాత్రి నిద్ర పట్టకుండా చేయవచ్చు. ఆ తేడా జాబితాకు తెలియదు.

మన ఇళ్లలో ఇంకొక ఇబ్బంది ఉంది. ఇక్కడ పెరిగే పిల్లలు బడిలో ఇంగ్లీషు, ఆటస్థలంలో కన్నడ, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. చదివేది మాత్రం ఇంగ్లీషులోనే, అదీ మనకంటే వేగంగా. మనలో చాలామందికి తెలుగు పత్రిక చదివినంత హాయిగా ఆరు వందల పేజీల ఇంగ్లీషు నవల సాగదు. దానికి సిగ్గుపడనక్కరలేదు. ఈ పద్ధతిలో పుస్తకం మొత్తం చదవాల్సిన పని లేదు.

కావలసినవి

ఒక నోటు పుస్తకం (ఫోనులో రాసుకుంటే మరుసటి నెలకు దొరకదు), పెన్సిల్, మీ బైబిలు, పుస్తకానికి సుమారు గంటన్నర సమయం. వీటితోపాటు ఇదే వయసు పిల్లలున్న ఇంకొక తల్లి గానీ తండ్రి గానీ తోడుంటే పని సగమవుతుంది. ఒకరు చదివింది మరొకరికి చెప్పుకోవచ్చు.

1. ముందు పిల్లల్ని అడగండి

పుస్తకం తెరవకముందే ఈ రెండు అడగండి: "దీని గురించి నీకు ఎవరు చెప్పారు? అందులో ఏముందని చెప్పారు?" దర్యాప్తు చేస్తున్నట్టు కాకుండా, చపాతీలు ఒత్తుకుంటూ అడిగినట్టు అడగండి. తరగతిలో అందరూ మాట్లాడుకుంటుంటే తాను ఒక్కతే వినాల్సి వస్తోందని మా అమ్మాయి ఒకసారి చెప్పింది. ఆమెకు కావలసింది ఆ పుస్తకం కాదని, స్నేహితుల మాటల్లో తనకూ ఒక చోటని అప్పుడు నాకు అర్థమైంది. ఆ సంగతి తెలియకుండా తీసుకునే నిర్ణయం ఏదైనా గురి తప్పుతుంది.

2. పుస్తకాన్ని బయటినుంచి చూడండి (పదిహేను నిమిషాలు)

సినిమాకైతే సర్టిఫికెట్ ఉంటుంది. 2024 నియమాల తరువాత యుఎ 7+, యుఎ 13+, యుఎ 16+ అని వయసు కూడా వేస్తున్నారు. కథల పుస్తకానికి అలాంటి ప్రభుత్వ ముద్ర ఏదీ లేదు. కాబట్టి వెనక అట్ట, విషయసూచిక, రచయిత మాట మీరే చూసుకోవాలి. జపాన్ బొమ్మల కథలు, అంటే మాంగా, ఇంగ్లీషులో ప్రచురించే విజ్ మీడియా వంటి సంస్థలు అట్ట మీద వయసు గుర్తు వేస్తాయి. 'ఎం' అని ఉంటే అది పెద్దలకు ఉద్దేశించినది, లోపలికి వెళ్లనక్కరలేదు. ఇంటర్నెట్‌లో కామన్ సెన్స్ మీడియా అనే అమెరికా సంస్థ పుస్తకాలకు వయసు సూచనలు, హింస, బూతు, శృంగారం వంటి అంశాల వివరాలు ఇస్తుంది. అది క్రైస్తవ సంస్థ కాదు. కాబట్టి దేవుని గురించి, ఆరాధన గురించి పుస్తకం ఏమంటుందో అక్కడ వెతకకండి; మిగతా సమాచారం తీసుకోండి.

హెచ్చరిక: ఒకే వరుసలో వచ్చే పుస్తకాలన్నిటికీ కలిపి ఒక్క నిర్ణయం తీసుకోకండి. మంత్రవిద్య నేర్పే బడిలో చదివే పిల్లవాడి కథ అయిన హ్యారీ పాటర్ వరుస 1997లో మొదలై 2007లో ఏడో పుస్తకంతో ముగిసింది. మొదటిదాంట్లో హ్యారీకి పదకొండేళ్లు నిండుతాయి, చివరిదాంట్లో పదిహేడు. నాలుగో పుస్తకం చివర ఒక విద్యార్థి హత్య జరుగుతుంది, అక్కడినుంచి కథ చీకటిగా మారుతుంది. తొమ్మిదేళ్లకు మొదటిది ఇచ్చిన తల్లి ఏడాది తిరగకముందే ఏడోది ఇచ్చినట్టవుతుంది, ఎందుకంటే పిల్లలు ఆగరు. మొదటి పుస్తకం ఇచ్చే రోజే ఎక్కడ ఆపాలో చెప్పండి.

3. మూడు చోట్ల చదవండి

మొదటి అధ్యాయం పూర్తిగా. చివరి రెండు అధ్యాయాలు పూర్తిగా. మూడోది ముఖ్యం: కథానాయకుడు గానీ నాయిక గానీ పెద్ద తప్పు చేసే ఘట్టం, దాని తరువాతి ఇరవై పేజీలు. అది సాధారణంగా పుస్తకం మధ్యలో ఉంటుంది. ఎక్కడుందో తెలియకపోతే చదివిన పిల్లలెవరినైనా అడగండి, పేజీతో సహా చెబుతారు.

ముగింపు ముందే తెలిస్తే మనకు నష్టం లేదు. మొదటి అధ్యాయంలో ఎంత భయపెట్టినా, కథ చివరికి ఎవరిని ఎక్కడ నిలబెట్టిందో చూస్తే దాని మనసు బయటపడుతుంది. ఉదాహరణకు హ్యారీ పాటర్ ఏడో పుస్తకంలో హ్యారీ తన తల్లిదండ్రుల సమాధి దగ్గర నిలబడతాడు. ఆ రాతి మీద ఉన్నది 1 కొరింథీయులకు 15:26, "కడపట నశింపజేయబడు శత్రువు మరణము". ఆ ఒక్క వాక్యం వల్ల పుస్తకం మొత్తం మంచిదైపోదు. కానీ అట్ట మీది టోపీ, చీపురుకట్ట చూసి పక్కన పెట్టినవారికి ఆ సమాధి సంగతి ఎప్పటికీ తెలియదు. తెలుసుకుని వద్దనడం వేరు, తెలుసుకోకుండా వద్దనడం వేరు.

డబ్బు ఖర్చు పెట్టి చూడాలనిలేదు. చర్చ్ స్ట్రీట్‌లో బ్లాసమ్, బుక్‌వార్మ్ వంటి దుకాణాల్లో పాత పుస్తకాలూ దొరుకుతాయి, నిలబడి అధ్యాయం చదువుకోవచ్చు. కబ్బన్ పార్కులో ఇందిరా ప్రియదర్శిని బాలల గ్రంథాలయం ఉంది. అపార్ట్‌మెంటులో ఉమ్మడి అల్మారా ఉంటే అదీ పనికొస్తుంది.

ఇంగ్లీషు అసలే కష్టమైతే ప్రత్యామ్నాయం: ఆ మూడు భాగాలను మీ పెద్ద పిల్లలచేత గానీ, సంఘంలోని కాలేజీ విద్యార్థిచేత గానీ చదివించుకుని తెలుగులో చెప్పించుకోండి.

4. నోటు పుస్తకంలో నాలుగు ప్రశ్నలకు జవాబు రాయండి

ఒక్కో జవాబు రెండు వాక్యాలకు మించకూడదు. రాయలేకపోతే ఇంకా కొన్ని పేజీలు చదవాలన్నమాట.

అ) ఈ కథ మనసారా మెచ్చుకునేది ఎవరిని? వారిలోని ఏ గుణాన్ని?
ఆ) చెడు పని చేసినవారికి ఏమవుతుంది? కథ దాన్ని చెడు అని గుర్తిస్తుందా, సరదా అంటుందా?
ఇ) ఇందులో అమ్మానాన్నలు, దేవుడు, ప్రార్థన ఎలా కనిపిస్తారు?
ఈ) చదివాక మా వాడు దేన్ని అనుకరించాలనుకుంటాడు?

ఫిలిప్పీయులకు 4:8లో "ఏవి సత్యమైనవో, ఏవి మాన్యమైనవో" అని మొదలయ్యే వరుసను ఈ పేజీ పైన రాసుకోండి. నేను గోడకు అంటించాను. ఆ వరుసలో "ఏవి భయపెట్టనివో" అని లేదు. సత్యమైన కథలో చెడు ఉంటుంది. న్యాయాధిపతుల గ్రంథం చదివినవారికి నేను వేరే చెప్పనక్కరలేదు.

రెండో ప్రశ్న దగ్గర చాలామంది జారిపోతారు. మంత్రం ఉందా లేదా అని మాత్రమే జల్లెడ పడితే, 2008లో వచ్చిన ది హంగర్ గేమ్స్ అందులోంచి తేలిగ్గా జారిపోతుంది. అందులో మంత్రాలు లేవు. ఇరవై నలుగురు పిల్లలను ఒక మైదానంలో వదిలి ఒక్కరే మిగిలేదాకా చంపుకోమంటారు. అయితే ఆ కథ ఆ క్రూరత్వాన్ని పొగడదు, దాన్ని వినోదంగా చూసేవారిని నిలదీస్తుంది. పద్నాలుగేళ్ల పిల్లకు ఆ తేడా అందుతుంది. తొమ్మిదేళ్లకు అందేది చావులు మాత్రమే.

ఇంకొకటి, హాస్యపు డైరీ కథలు. ఎవరూ చావరు, ఏ మంత్రమూ లేదు, కాబట్టి మనం చూడకుండానే ఇచ్చేస్తాం. స్నేహితుడిని మోసగించడం, తల్లిని తెలివితక్కువదిగా చూపడం పేజీ పేజీకీ నవ్వు పుట్టించేవైతే, ఆ మాటతీరు వారం తిరగకముందే మన భోజనాల బల్ల దగ్గర వినిపిస్తుంది. నాకైతే చీపురు మీద ఎగిరే పిల్లవాడికంటే ఇదే ఎక్కువ ఆందోళన.

5. మంత్రాన్ని మూడు కుప్పలుగా వేరు చేయండి

ఇక్కడ తొందరపడకండి. మొదటి కుప్ప: ఆ కథాలోకపు ఏర్పాటుగా ఉండేవి. మాట్లాడే సింహం, బీరువా వెనక మంచుదేశం, ఎగిరే చీపుర్లు. ఇవి పిల్లలు ఇంట్లో చేసి చూడగలిగేవి కావు.

రెండో కుప్ప: మన చుట్టూ నిజంగా ఉన్న ఆచారాలు కథలోకి రావడం. జోస్యం, చచ్చినవారితో మాట్లాడడం, శకునాలు. ద్వితీయోపదేశకాండము 18:10-11 తెరిచి పక్కన పెట్టుకోండి. సోదె, చిల్లంగి, కర్ణపిశాచి, అన్నీ పేరుపేరునా ఉన్నాయి. ఇవి కనిపిస్తే పుస్తకం ఇవ్వకూడదని కాదు, మీరు పక్కన లేకుండా ఇవ్వకూడదని. హ్యారీ పాటర్‌లో జోస్యం చెప్పే ఉపాధ్యాయురాలిని తోటివారు చాలావరకు నమ్మరు, కానీ ఆమె నోట నిజమైన జోస్యమూ వస్తుంది. అక్కడ ఆగి, "మన దేవుడు దీన్ని ఎందుకు వద్దన్నాడు?" అని మాట్లాడుకోవాలి. ఎన్దోరులో సౌలు రాజు చచ్చిన సమూయేలును పిలిపించిన సంగతి, 1 సమూయేలు 28, ఆ రాత్రి కుటుంబ ప్రార్థనకు చక్కగా సరిపోతుంది.

మూడో కుప్ప: "ఇలా చేసి చూడు" అని వరుసగా నేర్పేవి. కార్డులతో భవిష్యత్తు చూడడం, ఆత్మలను పిలవడం, జాతకం వేయడం. కథకు అనుబంధంగా వచ్చినా సరే, వీటిని ఇంట్లోకి రానివ్వకండి. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

దేవుళ్లు, దేవతలు పాత్రలుగా ఉండే పుస్తకాలు వేరే. 2005లో మొదలైన పెర్సీ జాక్సన్ కథల్లో గ్రీకు దేవతలు నేటి అమెరికాలో తిరుగుతుంటారు. శిబిరంలోని పిల్లలు భోజనంలో కొంత మంటలో వేసి ఆ దేవతలకు అర్పిస్తారు. మొదటి పుస్తకంలోనే ఒక గురువు, ఈ దేవతలు వేరు, సర్వసృష్టికర్త అయిన దేవుని ప్రశ్న వేరు అని పక్కన పెడతాడు. మన పిల్లలు పొరుగింటి పండుగలు, బడిలో రామాయణ నాటకాలు చూస్తూనే పెరుగుతున్నారు. ఇతరుల ఆరాధన వారికి కొత్త కాదు. ఏథెన్సులో పౌలు వారి బలిపీఠాన్ని చూశాడు, వారి కవుల మాట ఎత్తి చూపాడు, ఎగతాళి చేయలేదు (అపొస్తలుల కార్యములు 17). పదకొండు దాటిన పిల్లలతో ఆ అధ్యాయాన్ని, ఈ పుస్తకాన్ని కలిపి చదవవచ్చని నా అభిప్రాయం.

ఇక మన విషయమూ నిజాయితీగా చూసుకోవాలి. 1947 జూలైలో మద్రాసులో మొదలైన చందమామను మనలో ఎంతమందిమి ఇష్టంగా చదివాం! శవాన్ని భుజాన వేసుకుని శ్మశానంలో నడిచే విక్రమార్కుడి కోసం నెలంతా ఎదురుచూశాం. ఆ బేతాళుడికి అలవాటుపడ్డ మనం ఇంగ్లీషు పుస్తకంలో దయ్యం కనిపించగానే ఉలిక్కిపడితే, "మీరు చదివారు కదా" అని పిల్లలు అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు ముందే సిద్ధం చేసుకోండి. రెండిటికీ ఒకే కొలత పెట్టండి.

6. నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోండి

"ఇప్పుడే చదువు." "కలిసి చదువుదాం." "తరువాత." "మన ఇంట్లో వద్దు." నోటు పుస్తకంలో తేదీతో రాయండి. "తరువాత" అన్నప్పుడు ఎప్పుడో కూడా చెప్పాలి: ఏడో తరగతి సెలవుల్లో, పదమూడో పుట్టినరోజుకు. గడువు లేని "తరువాత" పిల్లలకు "వద్దు" లాగే వినిపిస్తుంది.

ఫిలిప్ పుల్మన్ రాసిన 'హిజ్ డార్క్ మెటీరియల్స్' అనే మూడు పుస్తకాల వరుస (1995–2000) విషయంలో మా ఇంట్లో రాసుకున్నది "తరువాత, నాన్నతో కలిసి, పదహారుకు". అందులో క్రైస్తవ సంఘమే పీడించే శక్తి. దేవుడిగా చలామణి అయిన ఒక వృద్ధుడు మూడో పుస్తకంలో చనిపోతాడు. రచయిత మన విశ్వాసంతో తెలిసే వాదిస్తున్నాడు. ఆ వాదనకు జవాబు వెతకగల వయసులో చదవాలి.

7. నిర్ణయం చెప్పే తీరు

కారణం చెప్పండి, పేజీ చూపించండి. "ఈ ఘట్టం చదివాను తల్లీ. ఇది ఇప్పుడు నీకు బరువని నాకనిపించింది. నువ్వేమంటావు?" పిల్లలు చెప్పిన మాటతో నా నిర్ణయం రెండుసార్లు మారింది.

నేను చేసిన తప్పు ఇక్కడే చెబుతాను. మా అమ్మాయికి పదకొండేళ్లప్పుడు, వాట్సాప్‌లో వచ్చిన ఒక సందేశం నమ్మి, ఆమె సగం చదివిన పుస్తకాన్ని చేతిలోంచి లాక్కున్నాను. ఒక్క పేజీ చదవలేదు. ఆమె మిగతా సగం స్నేహితురాలి ఇంట్లో పూర్తి చేసిందని ఏడాది తరువాత తెలిసింది. పుస్తకంలో ఏ హానీ లేదు. ఆ ఏడాది పాటు నా దగ్గర ఒక సంగతి దాచడం ఆమె నేర్చుకుంది, అదే నాకు ఇప్పటికీ బాధ. సగం చదివిన పుస్తకాన్ని లాక్కోకండి. కూర్చుని మిగతా సగం కలిసి చదవండి.

8. చదివాక సరిచూసుకోండి

కథను తెలుగులో చెప్పమనండి. ఇంగ్లీషులో చదివింది తెలుగులో చెప్పాలంటే పిల్లలు దాన్ని నిజంగా అర్థం చేసుకోవాలి. వారికి ఏది తగిలిందో అప్పుడు బయటపడుతుంది. "ఆ కథలో నీకు ఎవరిలా ఉండాలనిపించింది?" అన్న ప్రశ్న మరవకండి. నాలుగో దశలో మీరు రాసిన జవాబుతో పోల్చి చూడండి. తేడా ఉంటే మీ అంచనా ఎక్కడ తప్పిందో తెలుస్తుంది.

రెండు వారాలు గమనించవలసినవి: ఒంటరిగా పడుకోవడానికి భయం, పీడకలలు, తోబుట్టువులతో కొత్త వెటకారం, ప్రార్థన సమయంలో తప్పించుకోవడం. కర్ర పట్టుకుని మంత్రాలు వల్లిస్తూ ఆడుకోవడం వీటిలో లేదు. యుద్ధం ఆట ఆడే పిల్లలు సైనికులు కానట్టే, ఇదీ ఆటే. కానీ పెన్సిళ్లు ఒకదానిపై ఒకటి పెట్టి ఆత్మను ప్రశ్నలు అడిగే ఆట బడిలో ఆడుతున్నారని తెలిస్తే, అది మూడో కుప్ప. ఆ రోజే మాట్లాడండి.

తరచుగా జరిగే పొరపాట్లు

క్రైస్తవ రచయిత రాశాడు కాబట్టి చూడనక్కరలేదనుకోవడం మొదటిది. సి.ఎస్. లూయిస్ నార్నియా ఏడు పుస్తకాలను (1950–1956) నేను ఎంతో ప్రేమిస్తాను. ద్రోహం చేసిన పిల్లవాడి బదులు సింహం రాతి బల్ల మీద చనిపోయే ఘట్టం చదివి మా అబ్బాయి ఏడ్చాడు. కానీ రెండో పుస్తకంలో రోమన్ల మద్యదేవత బాకస్ కూడా వచ్చి నాట్యం చేస్తాడు. "ఈయన ఎవరు?" అని అడిగితే చెప్పేవారు పక్కన ఉండాలి.

రెండోది, మన ఇంటి నిర్ణయాన్ని పక్కింటివారికి ఆజ్ఞగా మార్చడం. సండే స్కూలులో ఒక పిల్ల మరొక పిల్లతో "మీ అమ్మ నిన్ను దయ్యాల పుస్తకాలు చదవనిస్తుంది" అనడం విన్నాను. ఆ మాట పిల్లకు ఇంట్లోనే అబ్బింది.

ఊరినుంచి వచ్చిన పెద్దలు 1 తిమోతికి 4:7 చూపించి, "ముసలమ్మ ముచ్చటలను విసర్జించమన్నాడు కదా, కట్టుకథలు ఎందుకు?" అంటారు. వారితో వాదన పెట్టుకోకండి. దావీదును మేల్కొల్పడానికి నాతాను చెప్పింది గొర్రెపిల్ల కథ అని (2 సమూయేలు 12), చెట్లు రాజును ఎన్నుకున్న కథ యోతాము చెప్పాడని (న్యాయాధిపతులు 9) నెమ్మదిగా గుర్తుచేయండి. "అమ్మమ్మా, మీరే చెప్పండి ఒక కథ" అని పిల్లల్ని వారి పక్కన కూర్చోబెట్టండి.

బడి పుస్తకమే ఇబ్బందిగా ఉంటే

నిర్ణయం మీ చేతిలో ఉండదు. తరగతి ఉపాధ్యాయులకు మర్యాదగా ఉత్తరం రాసి, వేరే పుస్తకం ఎంచుకునే వీలుందా అని అడగండి. ఇబ్బంది పెట్టిన పేజీలు రాయండి, "మా మతానికి విరుద్ధం" అని ఒక్క వాక్యంతో ఆపకండి. వీలు లేదంటే కలిసి చదవడమే మార్గం.

వద్దనుకున్న పుస్తకాన్ని ఏం చేయాలి?

అరువు తెచ్చినదైతే రెండు రోజుల్లో తిరిగి ఇవ్వండి, ఉపన్యాసం జోడించకండి. కొన్నదైతే మీ అల్మారాలో పై అరలో ఉంచండి, గడువు తేదీ చీటీ మీద రాసి అందులో పెట్టండి. చింపడం, కాల్చడం చేయకండి. ఎఫెసులో కాల్చినవారు (అపొస్తలుల కార్యములు 19:19) యాభైవేల వెండి రూకల విలువైన తమ సొంత మంత్రవిద్య పుస్తకాలను తామే తెచ్చి కాల్చారు. ఎవరూ వారి చేతుల్లోంచి లాక్కోలేదు.

9. నోటు పుస్తకాన్ని అప్పగించండి

పద్నాలుగేళ్లు వచ్చాక ఆ నాలుగు ప్రశ్నలకు జవాబులు పిల్లలే రాయాలి. మీరు వారి పేజీ కింద మీ అభిప్రాయం రాయండి. మా అమ్మాయి మొదటి పేజీ పోయిన వేసవిలో రాసింది. తమ్ముడు అడిగిన పుస్తకానికి, "వాడికి రాత్రి భయం. వచ్చే ఏడాది, పగటిపూట" అని.